గణన యంత్రముల వేడిమి – దానిని చల్లార్చిన చరిత్ర

పని చేయు వస్తువు ఏదైనను వేడెక్కక మానదు. తిరుగలి త్రిప్పినచో పిండి వెచ్చనగును. కందెన వేయని బండి యిరుసు రాపిడికి కాగును. ఈ సంగతి మన పెద్దలు ఏ గ్రంథమును చదువకయే యెఱుగుదురు. కాని కంటికి కదలిక కనబడని కంప్యూటరు సయితము వేడెక్కుననియు, ఆ వేడిని వెలుపలికి పంపుటకై ఎనుబది యేండ్లుగా గొప్ప గొప్ప మేధావులు పాటుపడుచున్నారనియు, ఆ పాట్ల ఫలముగనే నేడు మన చేతిలోని చిన్న యంత్రములు ఈ రూపు దాల్చినవనియు ఎఱిగినవారు తక్కువ. ఆ చరిత్రను మా శక్తికొలది ఈ సంచికలో విన్నవింప దలచితిమి.

మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, ఒడిషాలోని యొక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. మా ఉద్యోగకాలముననే దస్త్రముల స్థానమున కంప్యూటర్లు వచ్చెను. ఆ దినములలో కంప్యూటరు గది అన్న ఎచ్చటనైనను దాదాపు ఒకే తీరుగా నుండెడిది. తలుపు వెలుపల చెప్పులు విడువవలెను. కిటికీలు మూసి యుంచవలెను. లోపల ఎయిర్‌కండిషనరు ఎడతెగక నడువవలెను. ఆ చల్లదనము గుమాస్తాలకొఱకు కాదనియు, యంత్రముకొఱకే యనియు అందఱికిని తెలియును. ఏల కావలసివచ్చెనో అడిగినవారు అరుదు. విరామకాలమున తీరిక దొరకిన పిమ్మట ఆ ప్రశ్నను పట్టుకొని చదివి తెలిసికొన్న సంగతులనే ఇక్కడ కూర్చితిమి. ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ బడులలో చదువుకొన్న మన పిల్లలకు ఈ విషయములు ఇంగ్లీషులో కరతలామలకములు. కాని ఇంటిలోని తాతకు తెలుగున చెప్పవలసివచ్చిన మాటలు తడుముకొందురు. వారికిని ఈ వ్యాసము కొంత ఉపకరించునని మా ఆశ.

వేడి పుట్టుక

1841వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ ప్రెస్కాట్ జూల్ అను నతడు ఒక నియమమును ప్రకటించెను. తీగలో విద్యుత్తు పాఱునప్పుడు పుట్టెడు వేడి, ఆ తీగ చూపు అడ్డగింపునుబట్టియు, ప్రవాహముయొక్క వర్గమునుబట్టియు ఉండును. అనగా ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింతలగును. ఇంటిలోని ఇస్త్రీపెట్టె ఈ సూత్రముపైననే పనిచేయుచున్నది. కంప్యూటరు వేడెక్కుటయు ముఖ్యముగా ఈ సూత్రమునుబట్టియే.

అయితే కంప్యూటరునకు ఒక విశేషము కలదు. నీటిపంపునకు ఇచ్చిన విద్యుత్తులో కొంత నీటిని పైకెత్తుటకు చెల్లును. కంప్యూటరు ఎత్తునదియు లేదు, మోయునదియు లేదు. అది కట్టి చూపిన లెక్కకు బరువు లేదు. కావున ప్రాసెసరులోనికి పోయిన విద్యుత్తు దాదాపు అంతయు కడకు వేడియై వెలువడును. 100 వాట్ల ప్రాసెసరు అనగా, లెక్కలు కట్టుచునే 100 వాట్ల వేడిని గదిలోనికి విడుచు చిన్న పొయ్యి యని యర్థము.

ఈ వేడి యంత్రపు పనితనపు లోపము మాత్రమే కాదు. 1961లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన రోల్ఫ్ లాండవర్ అను శాస్త్రజ్ఞుడు మఱియొక లోతైన సంగతిని చెప్పెను. యంత్రము తాను గుర్తుంచుకొన్న ఒక్క అంకెను చెరిపివేసినప్పుడెల్ల, ఎంత నేర్పుతో కట్టిన యంత్రమైనను, ఒక కనిష్ఠ పరిమాణమున వేడిని విడువక తప్పదట. పలకపై వ్రాసినది తుడుచుటకు సయితము ప్రకృతి సుంకము పుచ్చుకొనుచున్నదన్న మాట. నేటి యంత్రములు విడుచు వేడి ఆ కనిష్ఠ పరిమాణమునకు ఎన్నో రెట్లు అధికము. కాని సున్నకు దిగుట మాత్రము, అంకెలను చెరుపుచు లెక్కించు యంత్రమునకు ఎన్నటికిని సాధ్యము కాదు.

ఇక వేడి పెరిగినచో వచ్చు నష్టమేమి? వేడెక్కినకొలది సిలికాను చిప్పులో అక్కఱలేని విద్యుత్తు కారుట హెచ్చును. ఆ కారుడు మరల వేడిని పుట్టించును. వేడి వేడినే పెంచును. లెక్క తప్పును, యంత్రము ఆగును, ఎక్కువ కాలము అట్లే నడపినచో ఆయువు తగ్గును. అందుచేతనే గణన యంత్రముల చరిత్రలో సగము, వేడితో జరిగిన పోరాటమే యని చెప్పిన తప్పు లేదు.

వాల్వుల కాలము

పాత వాల్వు రేడియోను ఎఱిగినవారికి ఈ భాగము సుళువుగా బోధపడును. మీట త్రిప్పిన కొంతసేపటికి గాని ఆ రేడియో పలికెడిది కాదు. గాజు వాల్వులోని తీగ ఎఱ్ఱగా కాగిన పిమ్మటనే అది పనికి వచ్చును. పెట్టె వెనుక చేయి పెట్టినచో సెగ తగిలెడిది. ఒక రేడియోలో అట్టివి నాలుగో, ఐదో, ఆఱో యుండును.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు లోకమునకు చూపిన ఎనియాక్ అను యంత్రములో అట్టి వాల్వులు సుమారు 18,000 ఉండెను. దాని బరువు 30 టన్నులు. దాని నిర్మాతలు జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ అనువారు. అది పుచ్చుకొను విద్యుత్తు సుమారు 150 కిలోవాట్లు. ఆ వేడిని వెడలగొట్టుటకు పెద్ద పెద్ద పంకాలతో గాలిని బీరువాల గుండ వీచునట్లు చేసిరి. వేడి హద్దు మీఱినచో విద్యుత్తును తనంత తానే ఆపివేయు ఏర్పాటును చేసిరి.

ఎకర్ట్ మిక్కిలి జాగ్రత్తపరుడు. వాల్వులకు విధించిన వోల్టేజికంటె తక్కువ ఇచ్చి నడపినచో అవి ఎక్కువ కాలము మన్నునని గ్రహించి అట్లే చేసెను. యంత్రమును ఆపి మరల నడిపినప్పుడు, వాల్వులు చల్లారి మరల కాగుటలోనే ఎక్కువగా చెడుచుండెను. ఆ కారణముచే సాధ్యమైనంతవఱకు దానిని ఆపకయే యుంచిరి. ఇంత చేసినను సుమారు రెండు దినములకొక వాల్వు పోవుచునే యుండెను. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు అప్పగించిన యూనివాక్ యంత్రములో సుమారు 5,000 వాల్వులు. విద్యుత్తు 125 కిలోవాట్లు. దానికి గాలి ఒక్కటి చాలక, చల్లార్చిన నీటిని సయితము వాడిరి.

ఇచ్చట ఒక చిన్న సంగతి చెప్పవలసియున్నది. కృత్రిమముగా గాలిని చల్లార్చు యంత్రమును 1902లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు అమెరికాలోని బ్రూక్లినులో నొక అచ్చాఫీసు కొఱకు రూపొందించెను. గాలిలోని తేమచే కాగితము సాగి ముడిగి, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకపోవుటయే అచ్చటి చిక్కు. కావున ఎయిర్‌కండిషనరు మొదట పుట్టినది కాగితముకొఱకు. మనుష్యుడు తరువాత దాని చల్లదనమును పంచుకొనెను. కంప్యూటరు గది యాచారము ఆ పాత సంప్రదాయమునకు కొనసాగింపే.

మన దేశమున మొదటి కంప్యూటరు 1956లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు ఇంగ్లండునుండి వచ్చెను. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు తామే కట్టిన టిఫ్రాక్ యంత్రము 1960లో పనికి దిగెను. దానిలో సుమారు 2,700 వాల్వులు. సముద్రతీరపు ఉక్కబోతలో అట్టి యంత్రమును నడపుట ఎంత కష్టమో, బొంబాయిలోను, బరంపురములోను, యానాములోను ఉండు మనవారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ట్రాన్సిస్టరు తెచ్చిన ఊరట, తెచ్చిన చిక్కు

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనువారు ట్రాన్సిస్టరును కనుగొనిరి. వారికిని, విలియం షాక్లీకిని 1956లో నోబెలు బహుమానము లభించెను. ట్రాన్సిస్టరు పనిచేయుటకు తీగను కాల్చ నక్కఱలేదు. మీట నొక్కిన తక్షణమే పలికెడు ట్రాన్సిస్టరు రేడియో మన ఇండ్లలోనికి వచ్చినది ఇందుచేతనే. గణన యంత్రములకును ఇది ప్రాణము పోసెను. ఒక్కొక్క మీటకు కావలసిన విద్యుత్తు ఎన్నో రెట్లు తగ్గెను.

వేడి బాధ తీరినదని తలచుట సహజము. కాని మనుష్యుని ఆశకు అంతము లేదు. చిన్నదియు చల్లనిదియు దొరకగానే దానిని వేలకొలది చేర్చి, ఇఱుకున కూర్చుటకు మొదలిడిరి. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ అనేక భాగములను ఒకే చిన్న పలుకుపై నిర్మించు మార్గములను చూపిరి. ఒక యింటిలో నొక దీపము వెలిగిన వేడి తెలియదు. అదే గదిలో వేయి దీపములు వెలిగించిన నిలువలేము. 1965లో గార్డన్ మూర్ తన ప్రసిద్ధ వ్యాసమున, ఒకే చిప్పుపై వేలాది భాగములు చేరినప్పుడు పుట్టు వేడిని తీసివేయుట సాధ్యమగునా యని ప్రశ్నించి, సాధ్యమే యని ధైర్యము చెప్పెను. ఆ ధైర్యము నాలుగు దశాబ్దములు నిలిచెను.

మన తెలుగునాట 1967లో హైదరాబాదున ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ట్రాంబే పరిశోధకులు రూపొందించిన టి.డి.సి.-12 అను కంప్యూటరును 1969లో వెలువరించెను. ఆ సంస్థను తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించినవారు. వేడి దేశమున యంత్రము కట్టువాడు వేడిని మొదట తలచి పిమ్మట లెక్కను తలపవలసి యుండుటచే, ఈ చరిత్రలో వారిని స్మరించుట న్యాయము.

శీతల యంత్రముల వైభవము

1976లో సీమోర్ క్రే అను నిపుణుని క్రే-1 యంత్రము అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చేరెను. అది ఆనాటికి లోకములోకెల్ల వేగవంతమైన యంత్రములలో నొకటి. విద్యుత్తు 115 కిలోవాట్లు. పైనుండి చూచిన అర్ధచంద్రాకారమున నుండి, చుట్టును కూర్చుండుటకు మెత్తని అరుగు వంటిది అమర్చబడియుండెను. ఆ అరుగు క్రింద విద్యుత్తు సరఫరా భాగములు దాగియుండెను. పలకల నడుమ రాగి రేకులు వేడిని పీల్చి అంచులకు తేగా, అచ్చటి గొట్టములలో పాఱు ఫ్రియాన్ ద్రవము, మన రిఫ్రిజిరేటరులో వలెనే, ఆ వేడిని గొనిపోవుచుండెను. ఈ ఏర్పాటు సుళువుగా కుదురలేదు. ఫ్రియానుతో కలిసిన కందెన నూనె అతుకుల సందులనుండి కారి పలకలపై పడుటచే మొదటి యంత్రము ఆఱు నెలలు ఆలస్యమయ్యెను. గొట్టముల అతుకులను వేయు పద్ధతినే మార్చవలసి వచ్చెను. మహాయంత్రము నడక కడకు అతుకు వేయువాని చేతి నేర్పుపై ఆధారపడెను.

1980లో ఐ.బి.ఎం. వారు ప్రకటించిన 3081 అను యంత్రమున మఱియొక చిత్రమైన ఉపాయము కలదు. పింగాణి వంటి పలకపై నూఱుకు పైగా చిప్పులను పేర్చి, ఒక్కొక్క చిప్పు నెత్తిన స్ప్రింగుతో నొక్కియుంచిన అల్యూమినియపు కడ్డీ నొకదానిని నిలిపిరి. సందులలో గాలికి బదులు హీలియము వాయువును నింపిరి. ఏలయన అది గాలికంటె ఎన్నో రెట్లు చక్కగా వేడిని దాటించును. ఆ పైని లోహపు మూతలో చల్లని నీరు పాఱుచుండెను.

1985లో వచ్చిన క్రే-2 ఇంకను సాహసించెను. పలకలన్నింటిని ఒక ద్రవమున ముంచివేసిరి. నీటిలో ముంచిన విద్యుత్ యంత్రము చెడును గదా యని శంక కలుగవచ్చును. ఇది నీరు కాదు. ఫ్లోరినర్ట్ అను, విద్యుత్తును పాఱనీయని ద్రవము. చూచువారికి ఆ యంత్రము చేపల తొట్టివలె నుండుటచే దానికి 'బుడగలు' అను ముద్దుపేరు పడెను.

ఈ వైభవమునకు వేఱొక ప్రక్కయు కలదు. ఫ్రియాన్ జాతి వాయువులు ఆకాశమున భూమిని కాచు ఓజోను పొరను చెఱచునని తేలి, 1987లో మాంట్రియల్ ఒడంబడిక ద్వారా వాటిని క్రమముగా తగ్గించుటకు దేశములు సమ్మతించినవి. ఫ్లోరినర్టును తయారుచేయుచుండిన 3ఎం సంస్థ, ప్రకృతిలో సులభముగా కరగిపోని రసాయనముల జాతిని 2025 చివరకు విడిచిపెట్టెదనని 2022లో ప్రకటించెను. యంత్రమునకు చలువ నిచ్చినది లోకమునకు కాక నిచ్చుట ఈ చరిత్రలో పలుమాఱు జరిగినది.

చల్లార్చుటకంటె కాల్చకుండుట మేలు

ఇంతలో వేఱొక త్రోవ తెఱచుకొనెను. 1963లో ఫ్రాంక్ వాన్లాస్ అను ఇంజనీరు సీమాస్ అను కొత్త అమరికను కనుగొనియుండెను. ఈ విధమైన మీట నిలుకడగా నున్నంతసేపు విద్యుత్తును దాదాపు వాడదు; ఒక స్థితినుండి వేఱొక స్థితికి మాఱునప్పుడు మాత్రమే వాడును. మొదట ఇది నెమ్మదిగా నడచునదని పెద్ద యంత్రముల వారు పట్టించుకొనలేదు. వేడి అడ్డుగోడయై నిలిచిన పిమ్మట, 1990 తరువాతి యేండ్లలో వారును దీనినే ఆశ్రయించిరి. ఐ.బి.ఎం. పెద్ద యంత్రములు 1994నుండి ఈ మార్గమున వచ్చి, నీటి గొట్టములను విడిచి మరల గాలితోనే చల్లబడెను.

గతమును కలిపి చూచిన మాకు తోచిన సంగతి యిది: వేడి మిక్కుటమై గోడ యడ్డము వచ్చినప్పుడు పంకాలును ద్రవములును కొంత గడువు నిచ్చినవి; గోడను దాటించినది మాత్రము కాల్చనక్కఱలేని కొత్త మీట. వాల్వునకు పిమ్మట ట్రాన్సిస్టరు, పాత ట్రాన్సిస్టరునకు పిమ్మట సీమాస్ ఆ విధముగ వచ్చినవే.

ఇక ఇంటి కంప్యూటరు సంగతి. 1971 నవంబరులో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన 4004 అను ప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టర్లుండెను. అది ఒక వాటుకు మించి పుచ్చుకొనలేదు. దానికి పంకా అక్కఱలేదు. 1989లో వచ్చిన 486లో 12 లక్షల ట్రాన్సిస్టర్లు. దాని వేగవంతమైన రకములపై అల్యూమినియపు రెక్కలును, చిన్న పంకాయు కూర్చుట మొదలయ్యెను. 1993 నాటి పెంటియము సుమారు 15 వాట్లు పుచ్చుకొనెను. మన పిల్లలు కంప్యూటరు పెట్టె తెఱచినప్పుడు లోపల కనబడిన పంకా పుట్టుక అది.

1974లో రాబర్ట్ డెనార్డు, అతని సహచరులు ఒక లెక్క చూపియుండిరి. ట్రాన్సిస్టరును చిన్నది చేసినకొలది వోల్టేజిని సయితము తగ్గించుకొని పోయినచో, ఒక్కొక్క చదరపు అంగుళమునకు పుట్టు వేడి పెరుగదు. ఈ నియమముపై ముప్పదియేండ్లు బండి సాగెను. కాని ట్రాన్సిస్టరు మిక్కిలి సన్నబడిన పిమ్మట, మూసిన కొళాయినుండి నీరు కారినట్లు, మూసిన మీటనుండి సయితము విద్యుత్తు కారసాగెను. వోల్టేజిని ఇంకను తగ్గించుటకు వీలులేకపోయెను. 2001లో ఇంటెల్ సంస్థకు చెందిన పాట్ గెల్సింగర్ ఒక సభలో, ఈ తీరుననే పోయినచో చిప్పుపై వేడి సాంద్రత మొదట అణు రియాక్టరును, పిమ్మట రాకెట్టు మూతిని, తుదకు సూర్యుని ఉపరితలమును పోలునని హెచ్చరించెను.

2004 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త పెంటియం-4 చిప్పు వైశాల్యము 112 చదరపు మిల్లీమీటర్లు. ఇంచుమించు బొటనవ్రేలి గోరంత. దాని వేడి 115 వాట్ల వఱకు పోయెను. ఆ సంవత్సరమే మే నెలలో ఇంటెల్ తన తరువాతి ప్రాసెసరును విరమించుకొనెను. అక్టోబరులో సెకనుకు 400 కోట్ల స్పందనల రకమును సయితము విడిచిపెట్టెను. 1971లో సెకనుకు 7,40,000 స్పందనలుగా నున్న వేగము 2004 నాటికి 380 కోట్లకు, అనగా ఐదువేల రెట్లకు పెరిగెను. ఆ పిమ్మటి ఇరువది యేండ్లలో అది రెండింతలు సయితము కాలేదు. వేగమునకు అడ్డుపడినది తెలివి తక్కువ కాదు, వేడి ఎక్కువ.

అప్పుడు ఇంజనీర్లు ఒక ఎద్దును పరుగెత్తించుట మాని, రెండెద్దులను నడకతో కట్టిరి. 2005నుండి ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది ప్రాసెసర్లను కూర్చుట వాడుకయ్యెను. ఒడి కంప్యూటర్లలో రాగి గొట్టములుండును. గాలి తీసివేసిన ఆ గొట్టములో కొద్దిపాటి నీరుండును. వేడి కొనలో అది ఆవిరియై చల్లని కొనకు పోయి, మరల నీరై, ప్రమిదలోని వత్తి నూనెను పీల్చినట్లు లోపలి పొరచే పీల్వబడి తిరిగి వచ్చును. కదలు భాగమొక్కటియు లేదు.

నేటి స్థితి

నేడు వేడి మన ఇండ్లను విడిచి, వేలకొలది ప్రాసెసర్లను ఒక చోట పేర్చిన భవనములకు మాఱినది. వీనిని డేటా సెంటర్లందురు. కృత్రిమ మేధకు వాడు చిప్పులు 2017లో 300 వాట్లు, 2020లో 400 వాట్లు, 2022లో 700 వాట్లు పుచ్చుకొనెను. 2024లో వచ్చినవి 1,000 వాట్లను చేరినవి. అట్టివి 72 పేర్చిన ఒక్క బీరువా సుమారు 120 కిలోవాట్లు పుచ్చుకొనును. ఎనియాక్ నింపిన పెద్ద గది వేడి, క్రే-1 వేడి, నేడు ఇంచుమించుగా ఒక్క బీరువాలో ఇమిడినది. ఒకే పరిమాణమున తీసికొన్న నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలదు గనుక, ఒకసారి విడిచిన నీటి గొట్టములు మరల వచ్చినవి. అంతర్జాతీయ శక్తి సంస్థ లెక్కనుబట్టి 2024లో లోకములోని డేటా సెంటర్లు వాడిన విద్యుత్తు సుమారు 415 వందకోట్ల యూనిట్లు. అనగా ప్రపంచపు వాడకములో ఒకటిన్నర శాతము.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇట్టి కేంద్రమును స్థాపింతునని ప్రకటించెను. దాని పరిమాణమును గిగావాటు లెక్కన చెప్పుచున్నారు. ఆంధ్ర, ఒడిషా రాష్ట్రములు కలిసి కట్టుకొన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రపు శక్తి సుమారు 120 మెగావాట్లు. ఒక గిగావాటు అట్టి కేంద్రములు ఎనిమిదింటికి మించును. అంత విద్యుత్తును వాడినచో అంత వేడియు వెలువడును.

మన కూజాలోని నీరు చల్లబడుటయు, వట్టివేళ్ళ తడికలు గదిని చల్లార్చుటయు ఒకే ధర్మము: ఆవిరియగు నీరు వేడిని గొనిపోవును. పెద్ద కేంద్రములలోని చల్లార్పు గోపురములలోను అంతే. ఒక యూనిట్ విద్యుత్తునకు సరిపడు వేడిని ఈ విధమున పంపుటకు సుమారు ఒకటిన్నర లీటరు నీరు ఆవిరి కావలెను. గిగావాటు వేడి నంతటిని ఇట్లే పంపినచో దినమునకు 3 కోట్ల 60 లక్షల లీటర్లు కావలసివచ్చును. ఇది మేము వేసిన లెక్క మాత్రమే. ఏ కేంద్రమైనను ఇంత నీరు త్రాగి తీరునని మేము చెప్పుట లేదు. గాలితో చల్లార్చు పద్ధతి కలదు. దానికి విద్యుత్తు ఎక్కువ పట్టును. సముద్రపు నీటిని వాడు పద్ధతియు కలదు. ఫిన్లండులోని హమినాలో పాత కాగితపు మిల్లున నెలకొల్పిన గూగుల్ కేంద్రము 2011నుండి అట్లే చల్లబడుచున్నది. ఇంకొక సంగతి: బళ్ళారి వంటి పొడి సీమలో కూజా నీరు చల్లబడినట్లు, తేమ నిండిన తీరపు ఊళ్ళలో చల్లబడదు. ఒక చోటి ఉపాయము వేఱొక చోటికి యథాతథముగ పనికిరాదు.

చలి దేశములవారు ఈ వేడిని వృథా పోనీయక వాడుకొనుచున్నారు. 2010లో స్విట్జర్లండులోని జూరిక్ నగరమున ఐ.బి.ఎం. వారును, అచ్చటి సాంకేతిక విద్యాలయమువారును అక్వాసార్ అను యంత్రమును సుమారు 60 డిగ్రీల వేడినీటితోనే చల్లార్చి, ఆ నీటి వేడిని భవనములను వెచ్చజేయుటకు పంపిరి. వేడినీటితో చల్లార్చుట వింతగా తోచును గాని, చిప్పు అంతకంటె వేడిగా నున్నచో అది సాధ్యమే. మన తీరపు ఊళ్ళలో ఇల్లు వెచ్చజేసికొను అక్కఱ లేదు. కావున ఆ వేడిని వాడుకొను మార్గమును మనమే వెదకుకొనవలెను.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది స్వల్పము. చల్లార్చుట యనగా వేడిని నశింపజేయుట కాదు. ఒక చోటినుండి మఱియొక చోటికి పంపుట మాత్రమే. గదినుండి వీధికి, వీధినుండి ఏటికి, ఏటినుండి ఆకాశమునకు అది పోవును. పంపువాడు ఒకడు, ఓర్చుకొనువాడు మఱియొకడు కాకుండ చూచుకొనుటయే నీతి. కొత్త మీట దొరకువఱకు ఈ లెక్క తెగదు.

బెంగుళూరు, చెన్నై, పూణే, హైదరాబాదు నగరములలో ఈ రంగమున పనిచేయు పిల్లలు లేని తెలుగు కుటుంబము నేడు మనలో అరుదు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తమ యంత్రము ఎంత వేగమో సంతోషముతో చెప్పుదురు, మనమును సంతోషింతము. ఆ వెంటనే మఱియొక మాట అడుగుదము: దాని వేడి ఎచటికి పోవుచున్నది? దానిని మోయు నీరు ఎవరి చెఱువునుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు తెలుగున బదులు చెప్పగలిగిన బిడ్డ, తన పనిని చక్కగా ఎఱిగిన బిడ్డయే యని మా నమ్మకము.